ఆపదకు ముందే కొలిచెడు మేర



కళ్లములో ధాన్యము రాశి పోసిన పిమ్మట, బండి ఇంటికి కట్టకమునుపే, వడ్రంగికి, కమ్మరికి, మంగలికి, చాకలికి మేర కొలిచెడు ఆచారమును తమలో పెక్కుమంది కన్నులార చూచినవారే. ఆ యేడు నాగలి ఒక్కమారు విఱిగినను మేర అంతయే. పదిమార్లు విఱిగినను అంతయే. ఏరువాకనాడు కాడి విఱిగినచో కాపు వడ్రంగియింటికి పోయి బేరమాడు పని లేదు. వడ్రంగియు ముందు రూకలు చేతిలో పెట్టుమని అనడు. ఆ యేర్పాటులో పుట్టుకను బట్టి వచ్చిన హెచ్చుతగ్గులు కలవు; వానిని నేను మెచ్చుకొనుట లేదు. కాని అందొక యుక్తి గలదు. అవసరము లేనినాడు కొద్దిగా చెల్లించి యుంచుట, అవసరము వచ్చిననాడు బేరము లేక పనిని పొందుట.

ఇట్టి మేరతోనే ఆకాశమున నడచు ఆంబులెన్సులు గల దేశమొకటి ఉన్నది. అది ఐరోపా ఖండమునందలి స్విట్జర్లాండు. అచ్చటి రక్షణసంస్థ ఎట్లు పుట్టెను, దాని వ్యయమును ఎవరు భరించుచున్నారు, దానిని నమ్ముకొనుటలో ఎంతవఱకు నిశ్చింత గలదు, ఎచ్చట జాగ్రత్త వలయును అనునవి నేటి ప్రసంగవిషయములు. పరదేశపు ముచ్చట మనకేల యని తాము తలపవచ్చును. మన పిల్లలు పరదేశములలో కాపురముండి, మనలను చూడ రమ్మని పిలుచుచున్నారు. అదియునుగాక, ఊరి మేలునకై చందా ఇచ్చుటయు, చందా వసూలు చేయుటయు మనకు నిత్యము తటస్థించెడు పనులే. చందా ఎట్లు నిలుచునో, ఎట్లు చెడునో ఒక నిజమైన ఉదాహరణమును పెట్టుకొని చూచుట మంచిది.

స్విట్జర్లాండు చిన్న దేశము. వైశాల్యము సుమారు 41,000 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి తెలంగాణ రాష్ట్రములో మూడవవంతునకు కొంచెము మించును. జనసంఖ్య 90 లక్షల ప్రాంతము. దేశములో అధికభాగము ఆల్ప్సు, జూరా అను పర్వతములచే నిండియున్నది. వేసవిలో అచ్చటి కాపులు ఆవులను తోలుకొని కొండలమీది పచ్చికబయళ్లకు పోయి, మంచు పడుటకు ముందు మరల లోయలకు దిగుదురు. చలికాలమున మంచుపై జాఱెడు ఆటలకై వేలకొలది జనము కొండ లెక్కుదురు. అట్టి చోట కాలు జాఱినను, మంచుపెళ్ల విఱుచుకొని మీద పడినను, రోడ్డుమీద నడచు బండి దగ్గఱకు పోలేదు. నలుగురు కలిసి మోసికొని దించుటకు గంటలు పట్టును. ప్రాణము అంతవఱకు ఆగుట కష్టము.

ఈ కష్టమును చూచి, నీట మునుగువారిని రక్షించుటకై అచ్చట అదివఱకే యున్న యొక సంఘమువారు, 1952వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన, బీల్ సరస్సు ఒడ్డుననున్న ట్వాన్ అను గ్రామమున సమావేశమై, ఆకాశమార్గమున రక్షణ చేయుటకు ఒక శాఖను ఏర్పఱచిరి. రుడోల్ఫ్ బూఖర్ అను వైద్యుడు ఈ పూనికకు మూలపురుషుడు. ఆ యేడాది డిసెంబరులోనే హెలికాప్టరుతో తొలి రక్షణ జరిగెను. 1957లో ఆ దేశపు వినియోగదారుల సహకారసంఘముల సమాఖ్య ఒక హెలికాప్టరును వారికి సమకూర్చి యిచ్చెను. సహకారసంఘమనగా అంగడిలో సరకులు కొనుకొనెడు సామాన్యసంసారులే కదా! అనగా మొదటినుండియు ఈ సేవకు ఇంధనము సామాన్యుల చేతిసొమ్మే. 1960లో ఆ శాఖ మాతృసంఘమునుండి విడివడి స్వతంత్రమయ్యెను. 1979లో ధర్మసంస్థగా మాఱెను. జర్మను, ఫ్రెంచి భాషలలోని దాని పేర్లనుండి మొదటి యక్షరములను తీసి కూర్చి ‘రేగా’ యని పిలుచుచున్నారు.

స్వతంత్రమైనంతమాత్రమున కడుపు నిండదు. హెలికాప్టరు కొనుట ఒక యెత్తు. దానిని రేయింబవళ్లు సిద్ధముగా నుంచుట మఱొక యెత్తు. పిలుపు వచ్చినను రాకున్నను విమానచోదకునికి, వైద్యునికి, సహాయకునికి జీతము లియ్యవలెను. యంత్రమును ఇన్ని గంటల కొకమారు విప్పి చూచి బిగింపవలెను. ఈ ఖర్చులు సంస్థను పీడించెను. ప్రభుత్వమునుండి నిలకడయైన సహాయము దొరకదని తేలిపోయెను. అప్పుడు, 1966లో, సంస్థవారు సూటిగా ప్రజలనే అడిగిరి. ‘ఏడాదికి కొంత సొమ్మిచ్చి మీరే మాకు పోషకులు కండు’ అని యింటింటికి విన్నవించుకొనిరి. సుమారు 25,000 మంది పోషకులైరి. సంస్థ బ్రతికెను. నేడు ఆ పోషకుల సంఖ్య 35 లక్షలకు మించినది. ఆ దేశమున ప్రతి యైదుగురిలో సుమారు ఇద్దఱు పోషకులన్నమాట. సంస్థ వ్యయములో సగమునకు మించిన భాగము వీరి చందాలవలననే జరుగుచున్నది; తక్కినది బీమాసంస్థలు మొదలైనవారు చెల్లించు రుసుములవలన వచ్చును.

బడిలో లెక్కలు చెప్పిన అలవాటు నన్ను విడువదు గావున ఒక చిన్న లెక్క చెప్పుదును. ఒక్క మనిషికి ఏటి చందా 40 ఫ్రాంకుల ప్రాంతమున నున్నది. మన రూపాయలలో నాలుగువేలకు పైచిలుకు. హెలికాప్టరు ఒక్కమారు ఎగిరి ఒక రోగిని తెచ్చినచో ఖర్చు మూడు నాలుగు వేల ఫ్రాంకులగును. 3,600 అనుకొందము. 3,600ను 40చేత భాగించినచో 90 వచ్చును. అనగా ఒక్క ప్రాణమును కొండమీదినుండి దింపుటకు తొంబదిమంది ఒక యేడాది కట్టిన చందా కావలెను. ఆ తొంబదిమందిలో అనేకులు జన్మములో ఒక్కమారైనను ఆ హెలికాప్టరు నెక్కరు. ఎక్కనివారు ఇచ్చుటవలననే ఎక్కవలసినవానికి అది సిద్ధముగా నున్నది. 2022లో ఈ సంస్థ 20,000లకు మించిన రక్షణకార్యములను నడపెను. అన్ని పిలుపుల వెనుకను చేయి చాచని లక్షలమంది నిలిచియున్నారు.

చందాదారునకు జర్మను భాషలో వారు వాడెడు మాట ‘గ్యోనర్’. భాషాభిమానము గలవాడను గావున ఈ మాట నన్ను ఆకర్షించినది. దీనికి మూలమైన క్రియకు, ఇతరునకు కలిగిన మేలును చూచి అసూయపడక సంతోషించుట యని యర్థము. ‘వానికి దక్కినది, నాకు దక్కలేదు’ అనుకొనువాడు గ్యోనర్ కాడు. ‘వానికి దక్కినది, మంచిదయ్యెను’ అనుకొనువాడే గ్యోనర్. మనవారు అనసూయ యని చెప్పిన గుణమునకు ఇది మిక్కిలి దగ్గఱ. ఒక రక్షణసంస్థ తన చందాదారులకు ఈ పేరు పెట్టుట తగియున్నది.

ఇక్కడ పెద్దలు శ్రద్ధగా గమనింపవలసిన విషయమొకటి గలదు. ఈ చందా బీమా కాదు. చందా కట్టినందున సేవ పొందుటకు చట్టరీత్యా హక్కు పుట్టదని సంస్థవారే చెప్పుచున్నారు. అది దానము. మఱి దాతకు కలిగెడు ఊఱట యేమనగా, ఆపదలో సంస్థ చేసిన ఖర్చును బీమాసంస్థలు చెల్లింపనిచో, తన శక్తికొలది ఆ ఖర్చును సంస్థ మాఫీ చేయవచ్చును. అచ్చట ఉద్యోగులకు ప్రమాదబీమా చట్టముచేత ఏర్పడియున్నది. ఉద్యోగము లేనివారు సాధారణముగా ఆరోగ్యబీమాపై ఆధారపడుదురు. ఆ యారోగ్యబీమా రక్షణవ్యయములో సగమును మాత్రమే, అదియు ఏడాదికి 5,000 ఫ్రాంకులకు మించకుండ, చెల్లించును. మిగిలిన సగము ముసలివారిమీదను, ఇల్లాండ్రమీదను పడును. ఆ చోటనే పోషకత్వము అక్కఱకు వచ్చును. కాబట్టి తెలిసినవారు బీమాను మానుకొని చందా కట్టరు. బీమా పెట్టుకొని, దాని చిల్లు పూడ్చుటకు చందా కట్టుదురు.

కాపువారికి ప్రీతికరమైన మఱొక సంగతి. కొండమీది పచ్చికలో ఆవు కాలు విఱిగి పడియున్నచో, లోయలో పడి చచ్చినచో, కళేబరము నీటివాగును చెఱుపకుండ తీయవలసి వచ్చినచో, హెలికాప్టరు క్రింద వలలో వ్రేలాడదీసి ఆ పశువును దింపుదురు. కుటుంబముతో పోషకులైన కొండకాపులకు ఈ ఖర్చును సంస్థ మాఫీ చేయు వాడుక గలదు. ఆకాశమున ఆవు ఎగిరి పోవుట మనకు కథవలె తోచును. అచ్చటి కాపులకు అది వేసవి వచ్చినచో చూచెడు దృశ్యమే. పాడి నమ్ముకొన్న సంసారికి పశువు పోవుట ఎంత దెబ్బయో ఆ సంస్థవా రెఱుగుదురు. అందుచేతనే కొండపల్లెలలో దానికి అంత ఆదరము.

ఇక ఈ సేవకు ప్రాణమువంటి నియమమును చెప్పెదను. 1414 అను సంఖ్యకు ఫోను చేసినవానిని ‘నీవు పోషకుడవా’ యని అడిగి విమానమును కదల్చుట లేదు. ఎచ్చట, ఏమి జరిగినది, ఎందఱు, వాతావరణ మెట్లున్నది, తీగలు గాని స్తంభములు గాని దగ్గఱ నున్నవా – ఇవియే ప్రశ్నలు. చందా కట్టనివానిని, పరదేశపు యాత్రికుని, త్రాగి పడినవానిని, అందఱను ఒక్కతీరున ఎత్తుకొని వత్తురు. లెక్కలు ప్రాణము నిలిచిన తరువాత.

జ్యూరిచ్ నగరమున ఉద్యోగములో నున్న నా పూర్వశిష్యుడొకడు ఇందును గుఱించియే నాతో వాదించెను. “పంతులుగారూ, కట్టినవానికిని కట్టనివానికిని ఒక్కటే మర్యాదయైనచో, కట్టుట యెందుకు? నేను ఏండ్లతరబడి కట్టుచున్నాను, ఒక్కమారైనను పిలువలేదు” అనెను. నే నిట్లంటిని: “నాయనా, పిలువవలసిన యవసరము రాకపోవుట నీకు కలిగిన మొదటి లాభము. రెండవది చెప్పెదను. కట్టనివానిని కొండమీద విడిచివచ్చెడు సంస్థ యైనచో, నీవు దానికి చందా ఇత్తువా?” అతడు కొంతసేపు మాటాడక, “ఈయను” అనెను.

ఆ ప్రశ్న ఊహించి అడిగినది కాదు. కట్టనివానిని విడిచిపెట్టిన ఉదంతము అమెరికాలో జరిగినది. అది ఆంబులెన్సు గాదు, అగ్నిమాపకసేవ. కాని చందాపద్ధతి ఒక్కటే. టెన్నెస్సీ రాష్ట్రమునందలి ఓబియాను కౌంటీలో, పట్టణపు పొలిమేరకు వెలుపల నుండు పల్లెటిండ్లవారు సౌత్ ఫుల్టన్ పట్టణపు అగ్నిమాపకదళమునకు ఏడాదికి 75 డాలర్లు కట్టినచో ఆ దళమువారు వచ్చి మంట లార్పుచుండిరి. 2010 సెప్టెంబరు 29వ తేదీన ఆ యేటి సొమ్ము కట్టని యొక గృహస్థుని యిల్లు అంటుకొనెను. ఎంత సొమ్మైనను ఇత్తునని అతడు వేడుకొనెను. దళమువారు వచ్చిరి గాని, చందా కట్టియున్న పొరుగువాని ఆస్తికి మంట ప్రాకకుండ చూచి, ఆ యిల్లు కాలుచుండగా నిలుచుండిరి. ఇల్లు బూడిదయ్యెను. లోపలి పెంపుడుజంతువులు చచ్చెను.

అచ్చటి యధికారులకు ఒక సమాధానము లేకపోలేదు. మంట అంటుకొన్న తరువాత 75 డాలర్లు పుచ్చుకొని ఆర్పుదుమన్నచో, ముందుగా ఎవడును కట్టడు; ఎవడును కట్టనినాడు దళమే యుండదు అని వారి తర్కము. తర్కము తప్పు కాదు. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వెడు బుద్ధిని అది ఖండించుచున్నది. కాని తర్కము నిలిచి, ఇల్లు కాలినది. నీళ్లగొట్టము చేత పట్టుకొని చూచుచు నిలుచుండుట మనుష్యధర్మమునకు ఒప్పదని ఆ దేశమందంతటను నింద వచ్చెను. మంట లార్పి, పిమ్మట పూర్తి ఖర్చును వసూలు చేయవచ్చును. కట్టనందుకు అపరాధరుసుమును కూడ వేయవచ్చును. శిక్ష ధనముతో పోవలెను. ప్రాణముతో, గూడుతో పోరాదు.

కట్టనివానినిగూడ రక్షించినచో చందా తఱిగిపోవునా? తఱిగిపోయిన చోట్లు కలవు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రపు చరిత్ర ఇందుకు మంచి పాఠము. 1892లో బ్రిస్బేను నగరపు ప్రదర్శనలో గుఱ్ఱమునుండి పడి కాలు విఱిగిన యొకనిని, మేలు చేయుదమని వచ్చినవారే నడిపించి తీసికొనిపోగా గాయము మఱింత చెడెనని చెప్పుదురు. అది చూచిన సీమోర్ వారియన్ అను సైనికవైద్యసహాయకుడు, ఆ యేడు సెప్టెంబరులో నగరమున ఆంబులెన్సుదళమును స్థాపించెను. తరువాత ఊరూర అట్టి దళములు వెలసెను. ప్రతి దళమునకు ఊరివారి సంఘము, ఊరివారి చందా, ప్రభుత్వము నుండి కొంత సహాయము. దాదాపు నూఱేండ్లు అట్లు నడచెను. 1991లో తొంబదికి పైబడిన ఆ దళములను రాష్ట్రప్రభుత్వము ఒక్కటిగా చేసెను. అటుపిమ్మట చందాతో వ్యయము పూడకుండెను. 2003 జూలైనుండి కరెంటుబిల్లుతో కలిపి ఆంబులెన్సుపన్ను వసూలు చేసిరి. 2011లో దానినిగూడ తీసివేసి, రాష్ట్రపు సామాన్యధనముతోనే సేవ నడపుచున్నారు. క్వీన్స్‌లాండు నివాసికి నేడు ఆంబులెన్సుబిల్లు రాదు.

ఒక్క పనికే మూడు త్రోవలు చూచితిమి: ఊరిచందా, కరెంటుబిల్లు మీది పన్ను, ఖజానా. స్విట్జర్లాండులో చందా నిలిచినది, క్వీన్స్‌లాండులో నిలువలేదు. నాకు తోచిన కారణమిది. ఊరి సంఘమునుండి దూరపు కచేరికి యాజమాన్యము పోయినపుడు, చందా ఇచ్చువాడు ‘ఇది నా బండి’ అనుకొనుట మానివేయును. పన్ను అడుగువానికి చందా ఏల యని అతని మనస్సులో పడును. స్విట్జర్లాండు సంస్థ దేశమంత పెద్దదైనను, ప్రభుత్వకచేరి కాలేదు. ఏటేట ఏమి వచ్చెను, ఏమి పోయెను అను లెక్కను అచ్చు వేయించి అందఱ యెదుట పెట్టుచున్నది. ఇచ్చినవాడు ఎఱ్ఱని హెలికాప్టరు తన మిద్దెమీదుగా పోవుచుండగా తలయెత్తి చూచి, అందులో తన పాలున్నదని తలచును.

ఈ సందర్భమున మన తెలుగునాటి 108 సేవను స్మరింపకుండుట తగదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు కేంద్రముగా అది ఆరంభమయ్యెను. మొదట దానిని నిలిపినది ఒక పెద్ద కంపెనీ యజమానుల ధనము. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల మోసము బయటపడి కూలినపుడు, ఈ సేవ గతి యేమగునో యని జనము కలత చెందిరి. అప్పటికే నిర్వహణవ్యయములో అత్యధికభాగము ప్రభుత్వము భరించుచుండుటచేతను, మఱొక సంస్థ ముందునకు వచ్చి చేయి పట్టుటచేతను బండ్లు ఆగలేదు. ఒక్క ధనికుని దాతృత్వము ఒక్క స్తంభముమీది మండపమువంటిది. స్తంభము గట్టిదైనంతకాలము నీడ చల్లగనే యుండును. లక్షలమంది చిన్నచందాలు మఱ్ఱియూడలవంటివి. ఒకటి రెండు తెగినను చెట్టు పడదు. ప్రభుత్వధనము మూడవ త్రోవ. అది పేదవానిని చందా యడుగదు. మనకు 108 ఉచితముగా నున్నది గావున దాని విలువ మఱువరాదు.

నమ్ముకొనుటను గుఱించి నాలుగు జాగ్రత్తలు చెప్పి ముగించెదను. మొదటిది: ఎంత గొప్ప హెలికాప్టరైనను దట్టమైన పొగమంచులో, పెనుగాలిలో ఎగురలేకపోవచ్చును. చందా కట్టితినని మబ్బు కమ్మిన కొండ నెక్కరాదు. రెండవది: ఒక సంస్థకు కట్టిన చందా వేఱొక సంస్థ బిల్లునకు పనికి రాకపోవచ్చును. స్విట్జర్లాండులోనే వలే అను కొండప్రాంతమున వేఱు సంస్థలవారి హెలికాప్టర్లును, వారికి వేఱు చందాలును గలవు. మూడవది: ఇది మన పెద్దలకు ముఖ్యము. బిడ్డలను చూడ పరదేశమునకు పోవుటకు ముందు, ‘అచ్చట ఆంబులెన్సు వచ్చినచో బిల్లు ఎవరు కట్టుదురు’ అని అడిగి తెలిసికొనవలెను. ఆస్ట్రేలియాలో ఒక్కొక రాష్ట్రమున ఒక్కొక పద్ధతి. మెల్బోర్ను నగరము గల విక్టోరియా రాష్ట్రమున చందాపద్ధతి నేటికిని గలదు. చందాగాని, మినహాయింపుగాని, బీమాగాని లేనివారికి రోడ్డుమీద నడచు ఆంబులెన్సు ఒక్కమారు వచ్చినచో వేయి డాలర్లకు మించిన బిల్లు రావచ్చును. నాలుగవది: బిల్లునకు వెఱచి ప్రాణాపాయములో పిలువక యుండరాదు. బాకీ తీర్చుటకు గడువు దొరకును. గుండె ఆగినవానికి గడువు లేదు. ఎవరు కట్టవలెనో ముందే తెలిసియున్నచో, ఆ వేళ ఇంటిలో తర్జనభర్జన జరుగదు.

మఱి మన యూరికే ఎవరైన వచ్చి, ‘ఏడాదికింత కట్టుడు, ఆంబులెన్సు నడపెదము’ అన్నచో తొందరపడి ఔననను వద్దు, కాదనను వద్దు. ఈ ప్రశ్న లడుగుడు. ఇది బీమాయా, దానమా? కట్టినవానికి ఏ హక్కు కలుగునో కాగితముమీద నున్నదా? కట్టనివాడు పిలిచినను బండి కదలునా? డ్రైవరు రాత్రి రెండుగంటలకు ఎచ్చట నుండును? బండిలో రోగి ప్రక్కన కూర్చుండువానికి ఏ శిక్షణ గలదు? ఏటేట జమాఖర్చులను ఊరిలో చదివి వినిపింతురా? ఒక్క దాత తప్పుకొన్నచో బండి నిలుచునా, నడచునా? ఈ ప్రశ్నలకు తిన్నగా జవాబు చెప్పినవారికి చందా ఇచ్చుటకు వెనుదీయ వలదు. ‘మనకు అవసరము రానే లేదు, డబ్బు దండుగ’ అని ఏడాది తిరుగకముందే మానుకొనవలదు.

దండుగ యను మాట వచ్చినది గావున దానికి జవాబు చెప్పి ముగింతును. చెఱువుకట్ట మరమ్మతునకు చందా ఇచ్చి, ఆ యేడు గండి పడలేదని దుఃఖించిన కాపును నేను చూడలేదు. ఇంటికి తాళము వేసి, దొంగ రాలేదని విచారించిన గృహస్థు లేడు. ఆంబులెన్సుచందాయు అట్టిదే. ఇచ్చినవాడు క్షేమముగా నుండుట, ఇచ్చిన సొమ్ము మఱొకని యింట దీపము నిలుపుట – ఈ రెండును జరిగిన యేడాది నిండు పంట పండిన యేడాదియే.

సెలవు.